కత్తి దించడం

పాతబస్తీ సాలార్‌జంగ్ మ్యూజియంలో గాజు వెనక కత్తుల్ని చూస్తే, ఆటల్లో కత్తియుద్ధం కష్టంగానే ఉండాలనే వాళ్ల మాట సబబే అనిపిస్తుంది. ‘కింగ్‌డమ్ కమ్: డెలివరెన్స్’ (2018)లో కమ్మరి కొడుకు హెన్రీకి మొదట కత్తి తిప్పడమే రాదు. ఇద్దరు చుట్టుముడితే చావే. ఆ కష్టం నా ప్రాణం విలువ చెప్పింది. మరి ఎదుటివాడిది? ఓడినవాడు లొంగిపోతానంటాడు. అప్పుడు చంపడం, వదిలేయడం రెండూ తేలికే.

1687లో గోల్కొండ పడిన రాత్రి తానీషా సేనాని అబ్దుల్ రజాక్ లారీ ఒళ్లంతా గాయాలై కూలేదాకా పోరాడాడు. ఎనిమిది నెలల ముట్టడిలో తన మనుషుల్ని పోగొట్టుకున్న ఔరంగజేబే అతనికి వైద్యుల్ని పంపాడు. అంత కోపం మీద కత్తి దించడం ఎంత కష్టమో కూడా చూపించిన ఆటనే నేను రియలిస్టిక్ అంటాను.