మళ్లీ వచ్చేవాడే రాబడి

తెనాలి

చిరంజీవి చిన్నాకి,

పెదనాన్న ఆశీర్వదించి రాసేది. నువ్వడిగినవి ఫోన్‌లో చెప్పెయ్యొచ్చు గానీ, ఫోన్ మాట ఆ పూటతో సరి. కాగితం మీదుంటే డబ్బుకి కటకటగా ఉన్న రోజున మళ్లీ తీసి చదువుకుంటావని రాస్తున్నాను.

ఉద్యోగాల నోటిఫికేషన్లూ పరీక్షల ఫలితాలూ తెలుగులో చెప్పే సైటు పెట్టావు. ఒక నెల పన్నెండు వేలొస్తే మరుసటి నెల మూడు వేలు. రాబడి నిలకడగా ఉండాలంటే ఏం చెయ్యాలి, బెట్టింగ్ యాప్ వాళ్లు ప్రచారానికి ఇస్తామంటున్న డబ్బు పుచ్చుకోవచ్చా, ఉన్న ఉద్యోగం మానేసి దీని మీదే కూర్చోవచ్చా అని అడిగావు. చూడ్డానికి మూడు ప్రశ్నలు. నీకు అన్నం పెడుతున్నది ఎవరో ముందు తేల్చుకుంటే మూడింటికీ జవాబు దొరుకుతుంది.

గూగుల్ పెడుతోందంటావు. లెక్క చూద్దాం. నీ పేజీలో కనిపించే ప్రకటన కోసం కంపెనీ పెట్టిన ఖర్చులో సుమారు 68 శాతం గూగుల్ ప్రకటనల సేవ యాడ్‌సెన్స్ ద్వారా నీకు చేరుతుంది. ఖాతాలో 100 డాలర్లు నిండితేనే చెల్లింపు, అదీ మరుసటి నెల 21కీ 26కీ మధ్య. యాడ్‌సెన్స్ తెలుగు పేజీల్ని ఒప్పుకున్నదే 2018లో. ఇంగ్లీషు పేజీకి పలికే ధర మన పేజీకి పలకదు. వెయ్యి పేజీలు తెరిస్తే 40 రూపాయలు వస్తాయనుకో, నెలకి పాతిక వేలు కావాలంటే ఆరు లక్షల పైచిలుకు పేజీలు తెరవాలి. అంత జనం ఎప్పుడొస్తారు? ఇంటర్, పదో తరగతి ఫలితాల రోజున, గ్రూప్స్ నోటిఫికేషన్ పడ్డ రోజున. తక్కిన రోజుల్లో అలికిడి ఉండదు. నీ రాబడి ఎగిరెగిరి పడుతున్నది అందుకే.

నేను ప్రెస్సు నడిపిన రోజుల్లో కరపత్రానికి డబ్బిచ్చేది వేయించుకున్నవాడే, చదివేవాడు పైసా ఇచ్చేవాడు కాదు. అయినా చదివేవాడు చూడకుండా నలిపి పారేస్తే వేయించుకున్నవాడు రెండోసారి మా గుమ్మం తొక్కేవాడు కాదు. నీ సంగతీ అంతే. గూగుల్ మధ్యవర్తి. డబ్బు పుడుతున్నది నీ పేజీ మీద ఒకడు పెట్టిన సమయంలోంచి.

ఆ ఒకడెవడో నీకు తెలుసు. డిగ్రీ అయిపోయి, హైదరాబాద్ అశోక్‌నగర్‌లోనో మన అవనిగడ్డలోనో గది తీసుకుని, ఇంటి నుంచి వచ్చే డబ్బుతో నెల నెట్టుకొస్తూ, రాత్రి పదకొండుకి ఫోన్‌లో నోటిఫికేషన్ వెతుక్కునేవాడు. నీకు అన్నం పెడుతున్నది వాడు. వాడు మళ్లీ వస్తే నీ రాబడి నిలుస్తుంది, రాకపోతే పోతుంది.

ఫలితాలు ఇంకా రాకముందే ‘విడుదలయ్యాయి, ఇక్కడ నొక్కండి’ అని పెట్టే సైట్లు చూస్తూనే ఉన్నావు. నొక్కితే ఇంకో పేజీ, అక్కడ డౌన్‌లోడ్ బటన్ వేషంలో ఒక ప్రకటన, చిట్టచివర ‘త్వరలో’ అన్న మాట. ఆ ఒక్క రోజున వాళ్లకి నీకంటే ఎక్కువే వస్తుంది. ఆ నిజాన్ని నీతులు చెప్పి దాచను. కానీ మరుసటేడు అలా మోసపోయిన పిల్లాడి చెల్లెలు పరీక్ష రాసినప్పుడు ‘అది నొక్కకే, అంతా మోసం’ అని వాడే చెబుతాడు. ఇలాంటి సైట్లని గూగుల్ కూడా వడకడుతూనే ఉంది. 2011లో పాండా అనే మార్పు, 2022లో హెల్ప్‌ఫుల్ కంటెంట్ మార్పు, 2024 మార్చిలో గుంపగుత్తగా పేజీలు పుట్టించేవాళ్ల మీద కొత్త నిబంధన వచ్చాయి. ఆ వడపోతల్లో కొన్ని మంచి సైట్లూ కొట్టుకుపోయాయి. అందుకని, గూగుల్ శిక్షిస్తుందన్న భయంతో నిజాయితీగా ఉండకు. భయంతో ఉన్న నిజాయితీ, పట్టుబడనన్న ధైర్యం రాగానే పోతుంది. పరీక్ష నెత్తి మీదున్నవాడి సమయం పాడుచెయ్యడం తప్పు. నిజాయితీగా ఉండడానికి ఆ కారణం చాలు.

ఇక యాప్ డబ్బు. వద్దు. 2025లో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పెట్టి ఆడే ఆటల్ని నిషేధించింది. వాటికి ప్రచారం చేసినవాడికి 2 ఏళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా ఉన్నాయి. ఆ చట్టం లేకపోయినా నా జవాబు మారదు. వాళ్లు నీ సైటునే ఎందుకు వెతుక్కుంటూ వచ్చారో ఆలోచించావా? నీ దగ్గరికి వచ్చేవాళ్లు ఉద్యోగం లేనివాళ్లు, వయసులో ఉన్నవాళ్లు, త్వరగా నాలుగు డబ్బులు కావలసినవాళ్లు. ఆ ఆత్రమే యాప్ వాళ్లకి పెట్టుబడి. ఉద్యోగం కోసం నిన్ను నమ్మి వచ్చినవాణ్ణి అప్పుల్లోకి నువ్వే చెయ్యిపట్టి తీసుకుపోతావా?

ఇంతకంటే మెత్తగా వచ్చే బేరాలూ ఉన్నాయి. రిజిస్ట్రేషన్ ఫీజు కట్టించుకుని ప్రైవేటు ఉద్యోగం ఇప్పిస్తామనే కన్సల్టెన్సీ ఒకటి. ఫలితం చూడాలంటే ఫోన్ నంబరు ఇమ్మని అడిగి, ఆ నంబర్లని కాలేజీలకీ కోచింగ్ సెంటర్లకీ అమ్ముకోవడం ఇంకొకటి. మనిషి సమ్మతి లేకుండా అతని వివరాలు వాడకూడదని 2023లో చట్టమే చేశారు. ఇంటర్ పాసైన పిల్లకి పొద్దున లేస్తే పది కాలేజీల నుంచి ఫోన్లు వస్తున్నాయంటే, ఆ నంబరు ఎవరో ఒకరు అమ్మినదే. ఆ ఒకరు నువ్వు కాకూడదు.

ఏ బేరం వచ్చినా ఒకటి చూసుకో: దీనికి నాకెంత ముడుతోందో చదివేవాడికి పైకి చెప్పగలనా? చెప్పగలిగితే తీసుకో. పుస్తకానికి అమెజాన్ లింకు పెడితే ‘మీరు కొంటే నాకు కొంత కమీషన్ వస్తుంది’ అని పక్కనే రాయి. మెస్సువాళ్లో స్టడీ హాల్ వాళ్లో నేరుగా ప్రకటన ఇస్తే పైన ‘ప్రకటన’ అని వెయ్యి. చెప్పినందువల్ల పోయే గిరాకీ కొద్దిగానే ఉంటుంది. దాచి దొరికిపోతే మొత్తం పోతుంది.

‘వద్దు వద్దు అంటే తినేదేమిటి’ అని నువ్వు అడగబోతున్నావని తెలుసు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారి సంగతి గుర్తు చేసుకో. ఆయన 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. 1908లో అక్కడే ఆంధ్రపత్రికని వారపత్రికగా తెచ్చారు. 1914లో మద్రాసులో దాన్ని దినపత్రిక చేశారు, 1924లో భారతి అనే పత్రిక పెట్టారు. తలనొప్పి మందు మీద వచ్చిన డబ్బు పత్రికలకి దన్నుగా నిలిచింది. సొంత సరుకు ఉన్నవాడు పరాయి ప్రకటనని కాదనగలడు. అది లేనివాడికి కాదనే ధైర్యం నెలాఖరు దాకా కూడా ఉండదు.

నీకు లెక్కలూ రీజనింగూ బాగా వచ్చు. నమూనా పేపర్లు సొంతంగా తయారుచెయ్యి. సరైన జవాబు చెప్పి ఊరుకోక, తక్కిన మూడూ ఎందుకు తప్పో తెలుగులో వివరించు. 50 రూపాయలకి యూపీఐ మీద కొనుక్కునేలా పెట్టు. నెలకి రెండొందల మంది కొంటే పది వేలు. అందుకు లక్షల పేజీలు తెరవనక్కర్లేదు, నీ మీద నమ్మకం ఉన్న రెండొందల మంది చాలు. ఎవరి పుస్తకమో స్కాన్ చేసి పీడీఎఫ్ అమ్మడం మాత్రం దొంగతనం, ఎందరు చేస్తున్నా సరే. పేపర్ల మీద కొంత, నేరుగా వచ్చే ప్రకటనల మీద కొంత, కమీషన్ కొంత, యాడ్‌సెన్స్ కొంత. ఒకటి తగ్గిన నెల ఇంకొకటి ఆదుకుంటుంది. నిలకడంటే ఇదే.

ఇంకో మార్పు గమనించు. 2024 నుంచి మన దేశంలోనూ గూగుల్‌లో ఏదైనా వెతికితే ఫలితాల పైనే అది ఏఐ జవాబు రాసిపెడుతోంది. చివరి తేదీ ఎప్పుడని తెలుసుకోవడానికి ఇక నీ దాకా వచ్చేవాళ్లు తగ్గుతారు. తేదీలు చెప్పడం ఒక్కటే నీ పనైతే దుకాణం కట్టేసుకోవచ్చు. కానీ దూరవిద్యలో డిగ్రీ చేసినవాడు ఈ పోస్టుకి అర్హుడా, స్థానికతకి ఏ తరగతి నుంచి ఏ తరగతి దాకా స్టడీ సర్టిఫికెట్లు కావాలి, అప్లికేషన్‌లో పుట్టిన తేదీ తప్పు పడితే సవరణకి అవకాశం ఇస్తారా, ఇలాంటివి ఓపిగ్గా విప్పి చెప్పేవాడి కోసం జనం వెతుకుతూనే ఉంటారు. నోటిఫికేషన్ మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివాకే రాయి. అసలు ప్రకటన లింకు అన్నిటికంటే పైన పెట్టు. వాడు అక్కడికి వెళ్లిపోతాడని బెంగపడకు, అర్థం కాకపోతే నీ దగ్గరికే తిరిగొస్తాడు.

తప్పు దొర్లితే గుట్టుగా దిద్దెయ్యకు. ‘నిన్న ఇలా రాశాం, సరైనది ఇది’ అని పేజీ నెత్తిన పెట్టు. నువ్వు వేసిన తప్పు తేదీ నమ్మి ఒకడు ఫీజు గడువు దాటించుకుంటే, వయోపరిమితి అంచున ఉన్నవాడికి అదే ఆఖరి అవకాశం కావచ్చు. నీ పరువు కంటే అది పెద్దది.

ఉద్యోగం ఇప్పుడే మానకు. ఎక్కువ వచ్చిన నెల చూసి కాదు, తక్కువ వచ్చిన నెల చూసి నిర్ణయించుకో. ఏడాదిలో అతి తక్కువ వచ్చిన నెల డబ్బు ఇంటి ఖర్చుకి చాలాలి, దానికి తోడు ఆరు నెలల ఖర్చు బ్యాంకులో విడిగా ఉండాలి. అప్పుడు మానెయ్, నేనే మీ నాన్నకి సర్దిచెబుతాను. ఈలోగా డొమైన్ నీ పేరు మీదుందో, సైటు కట్టిచ్చిన స్నేహితుడి పేరు మీదుందో చూసుకో. సైటు మొత్తం నకలు ఇంకోచోట దాచిపెట్టు. గూగుల్ డబ్బూ ఆదాయమే, పన్ను రిటర్నులో చూపించు. చుట్టాలని ప్రకటనలు నొక్కమని అడగకు. అది మోసం, పైగా ఖాతా మూసేస్తారు.

ఈ ఆదివారం రెండు పనులు చెయ్యి. యాప్ వాళ్లకి వద్దని రెండు ముక్కల్లో రాసి పంపు. సాగదీస్తే బేరం పెంచుతారు. తర్వాత కూర్చుని మొదటి నమూనా పేపరు మొదలుపెట్టు. పూర్తయ్యాక నాకు పంపితే అచ్చుతప్పులు దిద్దిపెడతాను, ప్రెస్సు వాడి కళ్లు ఇంకా బాగానే ఉన్నాయి. యాభై రూపాయలు మాత్రం నా దగ్గరా వసూలు చెయ్యి. మొహమాటపడితే వ్యాపారం సాగదు.

ఇట్లు,
మీ పెదనాన్న