ఇష్టం, జిజ్ఞాస, ఇంటి చదువు

పిల్లలను బడికి పంపకుండా, వాళ్లు రోజూ ఇష్టంగా చేసే పనుల్లోంచే ఇంట్లో చదువు చెప్పే పద్ధతి ఒకటుంది. వంట, ముగ్గు, తోటపని, గాలిపటం, పాట, అన్నీ అక్కడ పాఠాలే. దీన్ని అన్‌స్కూలింగ్ అంటారు. 1970లలో అమెరికా ఉపాధ్యాయుడు జాన్ హోల్ట్ ఈ మాటను ప్రచారంలోకి తెచ్చాడు. 1977లో దీనికోసం ఒక పత్రికే మొదలుపెట్టాడు. పేరు కొత్తదే గానీ దీని అడుగున ఉన్న ప్రశ్న చాలా పాతది. మనసుకు నచ్చినదాని వెంట వెళ్తే జ్ఞానం దొరుకుతుందా, దారి తప్పుతుందా?

కఠోపనిషత్తులో యముడు శ్రేయస్సును, ప్రేయస్సును వేరు చేస్తాడు. మేలు చేసేది ఒకటి, ప్రీతి కలిగించేది ఒకటి. తెలివైనవాడు మొదటిదాన్నే ఎంచుకుంటాడు. ఈ లెక్కన పిల్లల ఇష్టాన్ని బట్టి చదువు నడపడం ప్రేయస్సు వెంట పోవడమే అనిపిస్తుంది. అయితే ఆ మాట వింటున్న నచికేతుడు కూడా పిల్లవాడే. చనిపోయాక మనిషి ఏమవుతాడో తెలుసుకోవాలన్న కోరిక అతనికి ఎవరూ నూరిపోయలేదు. ఏనుగులు, గుర్రాలు, బంగారం, కోరినంత ఆయుష్షు ఇస్తానన్నా అతను పట్టు విడవలేదు. ఆ పట్టుకు పేరు జిజ్ఞాస, అంటే తెలుసుకోవాలనే కోరిక. బ్రహ్మసూత్రాలలో మొదటి సూత్రమే ఈ మాటతో ముగుస్తుంది. కోరికలు వదులుకోమని చెప్పే వేదాంతం కూడా ఈ ఒక్క కోరికను గడపలోనే నిలబెట్టింది. కాబట్టి అసలు ప్రశ్న పిల్లల ఇష్టం మంచిదా చెడ్డదా అన్నది కాదు. ఇష్టం జిజ్ఞాసగా ఎలా మారుతుందన్నది.

దీనికి ఛాందోగ్యోపనిషత్తులో ఒక ఇంటి పాఠమే ఉంది. శ్వేతకేతువు పన్నెండో ఏట గురుకులానికి వెళ్లి, ఇరవై నాలుగో ఏట వేదాలన్నీ చదువుకుని, బోలెడు గర్వంతో తిరిగివస్తాడు. అసలు సంగతి అతనికి తెలియలేదని తండ్రి ఉద్దాలకుడు గ్రహిస్తాడు. మర్రిపండు తెమ్మంటాడు, చీల్చమంటాడు, అందులోని గింజనూ చీల్చమంటాడు. లోపల ఏమీ కనిపించదు. అంత పెద్ద చెట్టు ఆ కనిపించనిదాన్నుంచే వచ్చిందంటాడు. మరో రోజు రాత్రి నీళ్లలో ఉప్పు వేయించి, తెల్లవారాక ఆ ఉప్పు తెమ్మంటాడు. కొడుకు చేయి పెట్టి వెతుకుతాడు, దొరకదు. పైనుంచి, నడుమ నుంచి, అడుగు నుంచి రుచి చూడమంటాడు. మూడు చోట్లా ఉప్పనే. పన్నెండేళ్ల గురుకులంలో అందనిది ఒక పండు, కాస్త ఉప్పు, చెంబెడు నీళ్లతో అందింది. తండ్రి ముందుగా జవాబు చెప్పలేదు. ముందు కొడుకు చేత చేయించాడు, తర్వాత ఏం కనిపించిందని అడిగాడు.

తెలుగు ముంగిళ్లలో ఇలాంటి పాఠానికి ధనుర్మాసం చాలు. ముగ్గుల పుస్తకంలో 7 చుక్కలు, సందు చుక్క, 4 వచ్చేవరకు అని ఉంటుంది. నడుమ వరుసలో ఏడు పెట్టి, అటూ ఇటూ సందుల్లో ఆరు, ఐదు, నాలుగు పెట్టుకుంటూ పోవాలి. తొమ్మిదేళ్ల పిల్లకు ఇది ఆట. మొత్తం ఎన్ని చుక్కలని పక్కనున్నవాళ్లు అడిగితే లెక్కపెట్టి 37 అంటుంది. నడిమి చుక్క నుంచి చుట్లుగా లెక్కపెట్టమంటే 1, 6, 12, 18 వస్తాయి. ప్రతి చుట్టుకూ ఆరు పెరుగుతోందని అప్పుడు తనే కనిపెడుతుంది. 9 చుక్కల ముగ్గుకు ఎన్నో వేయకుండానే చెప్పగలుగుతుంది: 61. ముగ్గు వేయడం ఇష్టం. ఆరే ఎందుకు పెరుగుతోందని అడగడం జిజ్ఞాస. ఆ రెంటి నడుమ వంతెన పక్కనున్న మనిషి వేసిన ప్రశ్నే. ఆ మనిషే లేకపోతే ముగ్గు ముగ్గుగానే మిగులుతుంది, ఫోన్‌లో ఆట ఆటగానే మిగులుతుంది. అన్‌స్కూలింగ్‌ను నమ్మినవారు తరచూ మరిచిపోయేది ఇదే. పిల్లలను వాళ్ల మానాన వదిలేయడం చదువు చెప్పడం కాదు.

ఇక బడి వైపు చూస్తే, 1895లో మదనపల్లెలో పుట్టిన తత్వవేత్త జిడ్డు కృష్ణమూర్తిని చిన్నప్పుడు బడిలో మందమతిగా లెక్కగట్టారు. భయం, పోలిక ఉన్నచోట నేర్చుకోవడం ఉండదని ఆయన జీవితమంతా చెప్పారు. అయినా బడే వద్దనలేదు, రిషివ్యాలీ లాంటి బడులు పెట్టించారు.

ఇంటి చదువుకు గట్టి హెచ్చరిక గాంధీ ఇంట్లోనే ఉంది. ఆయన కొడుకులను మామూలు బడికి పంపకుండా తనే చదువు చెప్పాలనుకున్నారు, కానీ దానికి సమయం చిక్కలేదు. ఆ లోటు కొడుకులను బాధించిందని ఆత్మకథలో దాచకుండా రాశారు. పెద్ద కొడుకు హరిలాల్ 1911లో చదువు కోసం తండ్రిని విడిచి దక్షిణాఫ్రికా నుంచి వచ్చేశాడు. ఇష్టం ఎవరిదన్న ప్రశ్న ఇక్కడే తలెత్తుతుంది. తండ్రి ఆదర్శాన్ని కొడుకు ఇష్టమనుకోవడం కూడా ఒక నిర్బంధమే. ఇంకో మాటా ఉంది. తీరిక, చదువు ఉన్న ఇల్లు అందరికీ ఉండదు. 1848లో పుణెలో ఫూలే దంపతులు ఆడపిల్లలకు బడి తెరిచినప్పుడు, ఇల్లు మూసిన తలుపును బడి తెరిచింది.

చట్టం మాటకొస్తే, మన దేశంలో 2010 నుంచి అమలులో ఉన్న విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు బడిని హక్కుగా ఇచ్చింది. ఇంటి చదువును విడిగా గుర్తించనూ లేదు, పేరుపెట్టి నిషేధించనూ లేదు. ఇంట్లో చదివే పిల్లలు పదో తరగతికి సార్వత్రిక విద్యాపీఠాల ద్వారా పరీక్ష రాయవచ్చు.

బడి లేకపోయినా గురువు అవసరమా అన్నదానికి ఛాందోగ్యమే మరో కథలో బదులిస్తుంది. సత్యకామ జాబాలుడికి గురువు నాలుగు వందల బక్క ఆవులను అప్పగిస్తాడు. అవి వెయ్యి అయ్యేదాకా అడవిలో మేపాక ఎద్దు, అగ్ని, హంస, నీటిపక్షి అతనికి బ్రహ్మవిద్య చెబుతాయి. అయినా తిరిగొచ్చాక గురువు నోటనే మళ్లీ వినాలని కోరుకుంటాడు. తర్వాత అతనూ గురువయ్యాడు. పన్నెండేళ్లు అగ్నులను సేవించిన శిష్యుడు ఉపకోసలుడికి ఏమీ చెప్పకుండానే ప్రయాణం కట్టాడు. దిగులుతో అన్నం మానేసిన శిష్యుడికి ఆ అగ్నులే విద్య చెప్పి, మిగిలిన దారి మాత్రం ఆచార్యుడే చెబుతాడన్నాయి. సత్యకాముడు తిరిగివచ్చి ఆ మిగిలినది చెప్పాడు.