తూటా ఎక్కడ ఆగాలి

మా తమ్ముడి కొడుకు అమెరికాలో, మోంటానా రాష్ట్రంలో ఉంటాడు. ఎల్లోస్టోన్ పార్కుకు పైన, గ్రిజ్లీ ఎలుగుబంట్లు తిరిగే కొండల దాపున ఇల్లు. సెలవు దొరికితే అడవిలో నడకలకు పోతాడు. గ్రీన్‌కార్డు చేతికొచ్చాక పిస్తోలు కొన్నాడు. వీసా మీద ఉన్నవాళ్లకు అక్కడ తుపాకీ, తూటా రెండూ నిషిద్ధమేనట, వేట లైసెన్సు ఉన్నవాళ్లలాంటి కొందరికి తప్ప. మావాడికి వేట లైసెన్సంటే మనసొప్పలేదు గానీ పిస్తోలుకు ఒప్పింది. ఆ సంగతి అలా ఉంచుదాం. మొన్న ఫోన్లో అడిగాడు: "పెదనాన్నా, ఒంట్లో దిగాక పువ్వులా విచ్చుకునే తూటా ఒకటుంది, విచ్చుకోకుండా దూసుకుపోయేది ఒకటుంది. ఏది వేసుకుంటే పాపం తక్కువ?"

నేను సఖినేటిపల్లిలో తెలుగు పండితుడిగా చేసి రిటైరైనవాణ్ణి. ఊళ్లో నా దగ్గరికొచ్చే ధర్మసందేహాలు మైల ఎన్నాళ్లు, ఏకాదశి ఇవాళా రేపా, అమావాస్య నాడు పడవ దాటొచ్చా, అంతవరకే. కానీ వీడు వేళాకోళానికి అడగలేదు. పైగా మన ధర్మశాస్త్రాలకు ఈ ప్రశ్న కొత్తదీ కాదు.

ముందు వాడు చెప్పిన లెక్క చెబుతాను. మనుషుల నుంచి కాపాడుకోవడానికి అక్కడి పోలీసులు, ఇళ్లల్లో వాళ్లు వాడేది మొన దగ్గర గుంట ఉన్న తూటా. హాలో పాయింట్ అంటారు. కండలో దిగగానే ఆ గుంటలో ఒత్తిడి పెరిగి మొన వెనక్కి విచ్చుకుంటుంది. తూటా వెడల్పై, వేగం చచ్చి, చాలావరకు ఒంట్లోనే ఆగుతుంది. 1986 ఏప్రిల్‌లో మయామీలో దొంగలతో జరిగిన కాల్పుల్లో ఇద్దరు ఎఫ్‌బీఐ వాళ్లు చనిపోయారు. వాళ్లు కాల్చిన తూటా ఒకటి దొంగ గుండెకు కాస్త ఇవతలే ఆగిపోయిందని తేలింది. అప్పట్నుంచి ఒక కొలత పెట్టుకున్నారు: కండను పోలిన జెలటిన్ దిమ్మలో తూటా 12 అంగుళాలకు తగ్గకుండా, 18 అంగుళాలు దాటకుండా దిగాలి.

ఎలుగుబంటికి ఈ లెక్క పనికిరాదు. దాని బొచ్చు దట్టం, తోలు మందం, కింద కొవ్వు, ఆ కింద కండ, లావుపాటి ఎముకలు. విచ్చుకునే తూటా మధ్యలోనే ఆగిపోవచ్చు. అందుకని అడవికి పోయేవాళ్లు బల్లపరుపు మొన ఉన్న గట్టి సీసపు తూటా వేసుకుంటారు. 10 ఎం.ఎం. పిస్తోలుకైతే 200, 220 గ్రెయిన్ల బరువుది. 220 గ్రెయిన్లంటే 14 గ్రాముల పైచిలుకు, రెండు కాసుల బంగారానికి కాస్త తక్కువ. మావాడి చిక్కల్లా ఏమిటంటే, కారు ఆపుకునే చోట మనిషి ఎదురుపడొచ్చు, కొండెక్కాక ఎలుగు ఎదురుపడొచ్చు, పిస్తోలు ఒక్కటే.

మనువు ఏడో అధ్యాయంలో రాజుకు యుద్ధధర్మం చెబుతూ, కర్రలో దాచిన ఆయుధం, ముళ్లు చెక్కిన బాణం, విషం పూసిన బాణం, మొన మండించిన బాణం వాడకూడదన్నాడు. ముళ్ల బాణానికి కర్ణి అని పేరు. పోయేటప్పుడు సన్నగానే పోతుంది, లాగితే కండతో సహా వస్తుంది. శాంతిపర్వంలో భీష్ముడు ధర్మరాజుతో అన్నదీ అదే: అటువంటిది మంచివాళ్ల ఆయుధం కాదు. అంపశయ్య మీద పడుకుని బాణాల మంచిచెడ్డలు చెప్పడానికి ఆయనకన్నా అర్హుడెవరు? ఆ వరసన చూస్తే హాలో పాయింట్ కర్ణికి మనవడే.

1899లో హేగ్‌లో చాలా దేశాలు కూర్చుని, ఒంట్లో విచ్చుకునే తూటాలు యుద్ధంలో వాడరాదని ప్రకటన చేశాయి. ఆ తూటాకు లోకంలో నిలిచిపోయిన పేరు మన దేశపుదే. కలకత్తా దగ్గరి డమ్‌డమ్ ఆయుధాగారంలో 1890లలో తయారై, వాయవ్య సరిహద్దు తెగల మీద పేలింది. హేగ్ సభలో బ్రిటిష్ తరఫున మాట్లాడిన సర్ జాన్ ఆర్డా వాదన ఏమిటంటే, నాగరికుడు మామూలు తూటా తగిలినా ఆగుతాడట, అనాగరికుడు ఆగడట. ఆ అనాగరికులం మనమే. బ్రిటన్ 1907 దాకా ఆ ప్రకటనకు ఒప్పుకోలేదు. మనువులో తప్పులు బోలెడున్నాయి, నా పాఠాల్లో నేనెప్పుడూ వాటిని దాచలేదు. కానీ ఈ ఒక్కచోట మాత్రం శత్రువుది ఏ జాతి అని ఆయన అడగలేదు.

ఇంతటితో హాలో పాయింట్ పాపమని తేల్చి ఫోన్ పెట్టేయొచ్చు. పెట్టేసేవాణ్ణే, నరసాపురం పోయే పంటు మీద ఒక మాజీ సైనికుడు తగలకపోతే. సైన్యం నుంచి వచ్చాక బ్యాంకు గార్డుగా చేసిన మనిషి. విషయం చెబితే గోదావరి వైపు చూస్తూ అన్నాడు: "మాష్టారూ, యుద్ధంలో ఎదురుగా ఉన్నవాడూ శత్రువే, వాడి వెనక ఉన్నవాడూ శత్రువే. బజార్లో అలా కాదండి. దొంగ వెనకాల చేపలమ్ముకునే ఆవిడుంటది. రాగి తొడుగేసిన మా తూటా దొంగని దాటిపోయి ఆవిడికి తగిలితే ఎవరండీ జవాబు చెప్పేది?"

మనువు, హేగ్ చెప్పింది యుద్ధానికి. ఆ సైనికుడు చెప్పింది జనం మధ్య సంగతి. విచ్చుకునే తూటా తగిలినవాడికి ఎక్కువ కీడు చేస్తుంది, తగలకూడనివాడికి తక్కువ కీడు చేస్తుంది. అదే వస్తువు ఒకచోట అధర్మం, ఇంకోచోట ధర్మానికి దగ్గర. పాపాన్ని తూటా ఆకారంలో వెతకడమే పొరపాటని అప్పుడు నాకు తట్టింది.

మా మండలంలోనే ఉన్న అంతర్వేది స్థలపురాణం ఈ ముక్కే చెబుతోందని నా నమ్మకం. హిరణ్యాక్షుడి కొడుకు రక్తవలోచనుడికి శివుడు ఇచ్చిన వరం అందరికీ తెలిసిందే: వాడి రక్తం ఎన్ని ఇసుక రేణువుల మీద పడితే అంతమంది రక్తవలోచనులు లేస్తారు. వాడు వసిష్ఠుడి నూరుగురు కొడుకుల్ని చంపాడు. వసిష్ఠుడు మొరపెట్టుకుంటే నరసింహస్వామి వచ్చి సుదర్శనం వదిలాడు. సుదర్శనానికి గురి తప్పడం ఉంటుందా? తగిలింది. తగిలినకొద్దీ రాక్షసులు పెరిగారు. చివరికి స్వామి తన మాయాశక్తిని పిలిస్తే, ఆవిడ నాలుక చాపి ఒక్క బొట్టు నేల మీద పడకుండా పట్టింది. అప్పుడు గానీ వాడు చావలేదు. ఆవిడే అశ్వరూఢాంబిక, మా వాళ్ల నోట గుర్రాలక్క. పట్టిన రక్తాన్ని ఆవిడ వదిలితే రక్తకుల్య అనే ఏరు పారిందంటారు.

తీర్థానికొచ్చిన వాళ్లు దీన్ని స్వామి మహిమగా వింటారు. నేను ఆయుధానికి దేవుడే ఒప్పుకున్న హద్దుగా వింటాను. కొట్టే శక్తి ఒకటి, కొట్టినదాని పర్యవసానం పట్టే శక్తి ఇంకొకటి. రెండోది పక్కన లేకుండా మొదటిది వదిలితే విష్ణుచక్రానికే పని జరగలేదు. ఇలా అంటే మా రేవులో ఇద్దరు పెద్దలు నాతో మాట్లాడడం మానేశారు. మానేయనీండి.

ఇక ఎలుగుబంటి. మా ఊరి పక్క పాయకు పేరిచ్చిన వసిష్ఠుడి పేరు మీదే ఒక ధర్మసూత్రం ఉంది. అందులో ఆరుగురు ఆతతాయిలు: కొంపకు నిప్పు పెట్టేవాడు, విషం పెట్టేవాడు, చంపడానికి ఆయుధం ఎత్తినవాడు, సొమ్ము దోచేవాడు, భూమి కాజేసేవాడు, పరుడి భార్యను ఎత్తుకుపోయేవాడు. ఆతతాయిని చంపితే దోషం లేదని శాస్త్రం. ఆ ఆరింట్లో ఎలుగుబంటి ఎక్కడుంది? దానికి పగలేదు, పన్నాగం లేదు. పిల్లల్ని కాచుకుంటుంది, తిండిని కాచుకుంటుంది. దాని చోటులోకి వెళ్లింది మావాడు. భూమి కాజేసేవాడి లెక్కలోకి ఎవరొస్తారో మీరే చెప్పండి. వాడికి ఈ మాట చెబితే కాసేపు ఫోన్లో చప్పుడు లేదు.

ఎలుగు మీద పడితే చచ్చిపొమ్మని కాదు. మన 1972 వన్యప్రాణి చట్టం కూడా ప్రాణరక్షణకు జంతువును చంపినవాణ్ణి నేరస్తుడనదు. గాంధీగారే 1926లో అహమ్మదాబాదు పిచ్చికుక్కల వివాదంలో చంపక తప్పదన్నారు, జైనుల ఆగ్రహం మూటగట్టుకున్నారు. దోషం లేకపోవడం వేరు, అధికారం ఉండడం వేరు. ఎలుగు విషయంలో మనకున్నది మొదటిదే.

శ్రీకాకుళం ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల్లో ఎలుగుబంట్లు తిరుగుతాయి. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలంలో ఒకటి ఒక మనిషిని చంపి మరికొందరిని గాయపరిచింది. పట్టుకున్నాక అదీ చచ్చిపోయింది. అక్కడి రైతుకు ఏ తూటా అన్న ప్రశ్నే లేదు, చేతిలో ఉండేది కర్ర. 2023లో తిరుమల నడకదారిలో చిరుత ఒక పసిపిల్లను చంపాక దేవస్థానం భక్తుల చేతికి కర్రలిస్తే అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. విశ్వామిత్రుడు బ్రహ్మాస్త్రం దాకా వేసినవన్నీ వసిష్ఠుడి బ్రహ్మదండం మింగేసిందని బాలకాండ చెబుతుంది. అదీ కర్రే. ఆ దండం ఆపింది గానీ ఎవర్నీ తిరిగి కొట్టలేదు. మోంటానాలో ఆ కర్రకు సాటి బేర్ స్ప్రే. మిరప ఘాటు నింపిన డబ్బా. ఎలుగు దగ్గరికి ఉరికొచ్చినప్పుడు మొహాన కొడితే అదీ బతుకుతుంది, మనమూ బతుకుతాం.

మావాడికి చివరికి చెప్పింది ఇది. అడవిలో స్ప్రే చేతికందేలా ఛాతీ పట్టీకి ఉండాలి, గుంపుగా, మాట్లాడుకుంటూ నడవాలి. పిస్తోలు తప్పదనుకుంటే అందులో గట్టి సీసపు తూటాయే ఉండాలి, ఎందుకంటే ఎలుగును సగం చంపి వదలడమే అన్నిటికన్నా పెద్ద పాపం. ఊళ్లోకి ఆ తూటాతో రాకూడదు, అది మనిషినీ గోడనూ దాటిపోతుంది. ఇంటి రక్షణకు ఉంచుకుంటే విచ్చుకునేదే ఉంచుకుని, బీరువాకు తాళం వేసి, పక్కింటి గోడ ఎటుందో ముందే చూసుకోవాలి. కారు దొంగకు మాత్రం తాళాలు ఇచ్చేయమన్నాను. కారుకు ఇన్సూరెన్సు ఉంది.

మీ పిల్లలూ అటువైపు ఉంటే ఈ రెండు సంగతులు చెప్పండి. ఎల్లోస్టోన్‌లో 2010 నుంచి తుపాకీ వెంట ఉంచుకోవచ్చు గానీ పేల్చడం నిషిద్ధం, ఎలుగుబంటికి 100 గజాల దూరంలో ఉండాలి. బేర్ స్ప్రేను విమానంలో చేతిసంచీలోనే కాదు, పెట్టెలో కూడా తీసుకెళ్లనివ్వరు. అక్కడ దిగాకే కొనుక్కోవాలి.