రెండవసారి తాకిన చెయ్యి

ధ్యాన భాగము: మార్కు సువార్త 8:22–26



బేత్సయిదాలో ఒక గ్రుడ్డివానిని ప్రభువునొద్దకు తెచ్చిరి. ప్రభువు వానిని ఊరిబయటికి నడిపించి, అతని మీద చేతులుంచి, ఏమైనను అగపడుచున్నదా యని అడిగెను. వాడు దాచలేదు. మనుష్యులు చెట్లవలె తోచుచున్నారు గాని నడుచుచున్నారని ఉన్నమాట చెప్పెను. ప్రభువు మరల తాకెను. అప్పుడు వానికి అన్నియు తేటపడెను.

గ్రుడ్డితనమునకును మంచి చూపునకును నడుమ మసకచూపు అను మరియొక స్థితి గలదని ఈ భాగము మనకు నేర్పుచున్నది. ఆ స్థితిలో వెలుగుకు కొదువ లేదు. వెలుగు చేరవలసిన చోట చేరకపోవుటయే కొదువ.

దీనిని మీ యింటనే పరీక్షించుడి. ఒక ఇత్తడి గిన్నెలో రూపాయి బిళ్ల వేసి, గిన్నె అంచు చాటున అది కనబడకుండునంత వరకు వెనుకకు జరుగుడి. కదలక నిలిచి, గిన్నెలో మెల్లగా నీళ్లు పోయించుడి. బిళ్ల కంటికి అగపడును. బిళ్ల కదలలేదు, మీరును కదలలేదు. నీటినుండి గాలిలోనికి ఏటవాలుగా వచ్చు వెలుగు దారిలో వంగినది. వెలుగు శూన్యములో సెకనుకు సుమారు 3,00,000 కిలోమీటర్లు పోవును. నీటిలో సుమారు 2,25,000, గాజులో సుమారు 2,00,000 మాత్రమే. ఈ వేగభేదము చేతనే అది వంగును. దీనినే వక్రీభవనమందురు. గోదావరిలో చేప ఉన్నచోటికంటె పైగా కనబడుటకును ఇదే కారణము.

మన కన్నును సృష్టికర్త ఇట్టి వంపుతోనే పనిచేయునట్లు నిర్మించెను. కంటిముందరి పారదర్శకమైన పొర వెలుగును ఎక్కువ భాగము వంచును. లోపలి కటకము మిగిలినది సవరించి, వెనుకనున్న రెటీనామీద కూడునట్లు చేయును. వెలుగు రెటీనాకు ముందే కూడినయెడల అది హ్రస్వదృష్టి. అట్టివానికి చేతిలోని పుస్తకము తేటగానుండును గాని మన రామగిరి ఖిల్లా గుట్ట పొగవలె కనబడును. వానికి నడుమ పలుచనైన పుటాకారపు అద్దము కావలెను. నలువది యేండ్లు దాటినప్పుడు కటకము గట్టిపడి, దగ్గరి వస్తువుల వెలుగు రెటీనాపై కూడదు. ఇదే చత్వారము. దీనికి నడుమ లావైన కుంభాకారపు అద్దము కావలెను. అద్దము క్రొత్త వెలుగు నియ్యదు. ఉన్న వెలుగునే సరియైన చోటికి నడిపించును.

ఇప్పుడు మా తప్పిదమును ఒప్పుకొనవలెను. మా సంఘములో ఒక పెద్దాయన ఉన్నారు. బొగ్గుబావిలో ముప్పది యేండ్లు పనిచేసి దిగిపోయినవారు. ఆదివారము వేదపఠనము వారిదే. కొంతకాలమునకు చదువుటకు నిరాకరించి, వెనుక వరుసలో పుస్తకము తెరువక కూర్చుండసాగిరి. వారి ప్రేమ చల్లారినదని మేము తలంచితిమి. తలంచి ఊరకుండక, పేరెత్తకుండ ప్రసంగపీఠము మీదనుండియే చెప్పితిమి. ఎవరినిగూర్చియో అందరికిని తెలిసినది.

ఒక సాయంకాలము వారింటికి వెళ్లగా, వారు బల్బు క్రింద బైబిలును చెయ్యి చాచినంత దూరము పట్టుకొని, చదువలేక, మనుమరాలిచేత చదివించుకొనుచుండిరి. మమ్మును చూచి, "అయ్యగారూ, నా మనసు సల్లబడలేదు. అక్షరాలే చీమల లెక్క పారుతున్నయి. అందరి ముందట చెప్పనీకి సిగ్గయింది" అనిరి. మేము తల యెత్తలేకపోతిమి. మరుసటి ఆదివారము సంఘము ఎదుట వారిని క్షమాపణ అడిగితిమి.

2018 ఆగస్టు 15న ఆరంభమైన 'కంటి వెలుగు' అను ప్రభుత్వ కార్యక్రమము రెండవ విడత 2023 జనవరి 18న ఖమ్మములో మొదలై, ఊరూర శిబిరములు జరిగెను. అచ్చట పరీక్ష చేయించుకొని వారు కండ్లద్దాలు పొందిరి. మరల లేచి వేదపఠనము చేసిన దినమున వారి స్వరము వణకెను. మా కన్నులును చెమ్మగిల్లెను.

ప్రియులారా, ఆయన కంటి దోషము అద్దముతో తీరినది. మరి మా దోషము? ఎదుట కూర్చున్న సహోదరుని మేము చెట్టువలె చూచితిమి, మనుష్యునివలె చూడలేదు. సహోదరుని కంటిలోని నలుసును వెదకకముందు మన కంటిలోని దూలమును తీసివేయవలెనని ప్రభువు మత్తయి 7వ అధ్యాయములో హెచ్చరించెను. ఆ వాక్యము మీద మేము పలుమారు ప్రసంగించితిమి గాని మా కంటిలోనికి చూచుకొనలేదు.

కొందరు ప్రార్థించువారికి అద్దాలెందుకనియు, శుక్లములకు శస్త్రచికిత్స ఎందుకనియు అందురు. పౌలుకు ప్రియుడైన లూకా వైద్యుడే గదా (కొలస్సయి 4:14). వైద్యము చేయించుకొనుట అవిశ్వాసము కాదు. బడిలో నల్లబల్ల కనబడక వెనుకబడిన బిడ్డను మొద్దు అని కొట్టకుడి. ముందు కన్ను చూపించుడి. చదువుట మానిన అవ్వను గద్దింపకుడి. దగ్గర కూర్చుండి అడుగుడి.

మసక యున్నదని చెప్పుటకు బేత్సయిదావాడు సిగ్గుపడలేదు. అందుచేత రెండవ తాకుడు పొందెను. మనమును అట్లే చెప్పుదము.

ప్రార్థన: వెలుగునకు కర్తవైన తండ్రీ, మా చూపు మసకగా నున్నదని ఒప్పుకొనుచున్నాము. మా తీర్పులచేత నొచ్చిన వారిని ఓదార్చుము. మా కన్నులను మరల తాకి, ప్రతి మనిషిని నీవు చూచునట్లు చూడనిమ్ము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.