నిప్పుది తప్పు కాదు, తడిది



"నిప్పు లేనిదే పొగ రాదు" అని మన పెద్దవాళ్లు అంటారు. నిజమే. మరి దాన్నే తిరగేసి అడిగితే? నిప్పు ఉన్న ప్రతిచోటా పొగ ఉంటుందా? ఈ వారం వీడియోలో ఈ ప్రశ్న మీ అందరికీ వేశాను. టైమ్ చాలక సగమే చెప్పగలిగాను. మిగతా సగం ఇక్కడ రాస్తున్నా. ఇంట్లో కట్టెల పొయ్యి గానీ పెల్లెట్ పొయ్యి గానీ ఉన్నవాళ్లు చివరిదాకా చదవండి. లేనివాళ్లు కూడా చదవండి, ఎందుకంటే పొయ్యి లేని ఇల్లుంటుందేమో గానీ పొగ లేని మనసు దొరకడం కష్టం.

మన తర్కశాస్త్రంలో ఈ ప్రశ్నకి ఎప్పుడో సమాధానం చెప్పేశారు. అన్నంభట్టు తర్కసంగ్రహం చదివే పిల్లలకి ఈ పాఠం వస్తుంది. కొలిమిలో ఎర్రగా కాలిన ఇనుపగుండుని చూడండి. దాన్నిండా నిప్పే. పొగ మాత్రం చుక్క కూడా ఉండదు. అంటే నిప్పొక్కటే పొగకి కారణం కాదు, దానికి తడి కట్టె తోడవ్వాలి. ఆ తడినే శాస్త్రంలో "ఉపాధి" అన్నారు. ఉపాధి అంటే ఇక్కడ ఉద్యోగం కాదండోయ్! బయటి నుంచి వచ్చి చేరిన షరతు అని అర్థం. బృహదారణ్యకంలో యాజ్ఞవల్క్యుడు మైత్రేయికి చెప్పిన ఉపమానంలో కూడా పొగలు పుట్టేది తడి కట్టెతో రాజేసిన నిప్పు నుంచే. ఋషులు ఎంత నిశితంగా పొయ్యిని గమనించారో చూడండి.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే ఒక అబ్బాయి ధనుర్మాసంలో నాకు ఫోన్ చేశాడు. వాళ్లమ్మగారు రేపల్లె దగ్గర ఒక ఊళ్లో ఉంటారు. పెళ్లిళ్లకీ పండగలకీ అరిసెలు, జంతికలు, సున్నుండలు చేసిస్తారు. కట్టెల పొయ్యి దగ్గర ఆవిడ కళ్లు మండుతున్నాయని రెండేళ్ల క్రితం పెద్ద పెల్లెట్ పొయ్యి కొనిచ్చాడు. గొట్టాన్ని గోడలోంచి బయటికి తీయించాడు. ఈ మధ్య ఆ గొట్టం అతుకుల దగ్గర నల్లటి జిగురు కారుతోందట, ఇల్లంతా తారు వాసనట. సంక్రాంతి ఆర్డర్లు మొదలయ్యాక అమ్మకి రోజూ తలనొప్పి, ఒకరోజు కళ్లు తిరిగి కూలబడిపోయారట. అతను అడిగిందేంటంటే, "గురువుగారూ, పొయ్యి ఆగ్నేయంలోనే పెట్టించాం. అయినా ఇలా అవుతోందంటే ఏదైనా దోషమా? శాంతి చేయించాలా?"

నేనొకటే అడిగాను. "నాయనా, ఆ తలనొప్పి పొయ్యి వెలిగించినప్పుడే వస్తోందా? బయట అరుగు మీద కూర్చుంటే తగ్గుతోందా?" అవునన్నాడు. "అయితే శాంతి సంగతి తర్వాత. ముందు ఇప్పుడే అమ్మకి ఫోన్ చెయ్యి. పొయ్యి ఆపమను, తలుపులూ కిటికీలూ తెరిచి బయటికి రమ్మను. రేపు డాక్టర్‌కి చూపించు. గొట్టం చూసేదాకా పొయ్యి వెలిగించొద్దు" అన్నాను.

ఎందుకంత తొందరపెట్టానో చెప్తా. గొట్టం మూసుకుపోతే పొగ వెనక్కి తంతుంది. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం దాని మొదటి గుర్తులు. నిద్రలో ఉన్న మనిషికి ఆ గుర్తులు కూడా తెలియవు. అలాంటిచోట దోషం జాతకంలో వెతుక్కుంటూ కూర్చుంటే మనిషి దక్కకపోవచ్చు.

ఆ వారం బాపట్లలో నా ప్రవచనాలు ముగిశాయి. తెనాలి నుంచి పొయ్యిలు బాగుచేసే ఒక మేస్త్రీని రమ్మని, ఇద్దరం కలిసి ఆ ఇంటికి వెళ్లాం. 2022లో బాపట్ల జిల్లా ఏర్పడ్డాక రేపల్లె అందులోకి వెళ్లింది, తెనాలి గుంటూరులోనే ఉండిపోయింది. పొగకి మాత్రం జిల్లాలు తెలియవు కదా! ఈ మూడు ఊళ్ల చుట్టుపక్కలా చలికాలం తెల్లవారుజామున మంచు, సముద్రపు గాలి, కాలవల చెమ్మ. అదే అక్కడ అసలు కథ.

మేస్త్రీ గొట్టం విప్పాడు. లోపల గోడకి తారు పూసినట్టు నల్లగా, అద్దంలా మెరుస్తూ గట్టి పూత. దీన్నే క్రియోసోట్ అంటారు. పెల్లెట్ పొయ్యి సరిగ్గా మండితే ఇది దాదాపు పేరుకోదు, పొడి మసి మాత్రమే ఉంటుంది. మెరిసే పూత కనిపించిందంటే మంట సగంసగం మండుతోందని అర్థం. కట్టెలో సగం కాలిన ఆవిర్లు పొగతో పైకెళ్లి, గొట్టం సుమారు 120 డిగ్రీల కంటే చల్లగా ఉన్నచోట ఆగి జిగురవుతాయి. ఇది కూడా ఇంధనమే! ఏదో ఒకరోజు అంటుకుందంటే గొట్టంలో వేడి 1000 డిగ్రీలు దాటగలదు. పైన తాటాకో చెక్క దూలమో ఉంటే ఇక చెప్పక్కర్లేదు.

కారణాలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. పెల్లెట్ల బస్తా గోడవారన నేలమీదే ఉంది, చెమ్మ పీల్చింది. మంచి పెల్లెట్ విరిస్తే ఫట్‌మని విరగాలి, ఇవి వేళ్ల మధ్య పొడైపోతున్నాయి. పెల్లెట్లో తడి నూటికి 10 పాళ్లు మించకూడదు. రెండోది, పెల్లెట్లు ఆదా అవుతాయని అమ్మగారు గాలి వచ్చే తలుపుని దాదాపు మూసేసి సన్నమంట మీద గంటలకొద్దీ వండుతున్నారు. మూడోది, నిప్పు గిన్నె అడుగున రంధ్రాలు పూడిపోయాయి. ఊకతో చేసిన పెల్లెట్లలో బూడిద ఎక్కువ. బియ్యపు ఊకలో సుమారు ఐదో వంతు బూడిదే, అది వేడికి గడ్డకడుతుంది. నాలుగోది, కరెంటు పోయినప్పుడల్లా ఫ్యాన్ ఆగిపోయి నిప్పు ఊపిరాడక పొగలు కక్కుతోంది. ఆఖరిది, గొట్టం పైన పిట్టలు దూరకుండా పెట్టిన జాలీ మసితో మూసుకుపోయింది.

మెరిసే పూత బ్రష్‌కి రాదు. గీకబోతే రేకు పాడవుతుంది. అందుకని మేస్త్రీ ఆ రెండు గొట్టం ముక్కలూ మార్చేశాడు, అతుకుల సీలు కొత్తది వేశాడు. తర్వాత వెలిగిస్తే మంట పసుపుపచ్చగా, చురుగ్గా లేచింది. గొట్టం చివర పొగ కంటికి ఆనలేదు.

అప్పుడు ఆ తల్లిని అడిగాను, "అమ్మా, ఇన్నాళ్లు అబ్బాయికి ఎందుకు చెప్పలేదు?" అని. ఆవిడ చీర చెంగుతో చేతులు తుడుచుకుంటూ, "వాడు ముచ్చటపడి కొనిచ్చాడు బాబూ. పొగొస్తోందంటే బాధపడతాడని" అన్నారు. అటువైపు కొడుకు అనుకున్నదేంటి? "పొయ్యి కొనిచ్చేశాను, అమ్మకి ఇక కష్టం లేదు" అని. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ప్రాణం. నిప్పు స్వచ్ఛమైనదే. కానీ మాట అనే గాలి ఆడలేదు. ఆ మౌనమే పేరుకుని పేరుకుని ఒక ప్రాణం మీదికి వచ్చింది.

భగవద్గీత మూడో అధ్యాయంలో కృష్ణస్వామి కామం జ్ఞానాన్ని ఎలా కప్పేస్తుందో చెబుతూ మూడు పోలికలిస్తాడు. పొగ కప్పిన నిప్పు, దుమ్ము పట్టిన అద్దం, మావిలో ఉన్న శిశువు. మొదటి పోలికని జాగ్రత్తగా చూడండి. పొగ ఉందని నిప్పుని పారేయమని ఆయన అనలేదు. పద్దెనిమిదో అధ్యాయంలో మళ్లీ అదే పొగని తెచ్చి, ఏ పనికైనా ఏదో ఒక దోషం ఉంటుంది, అంతమాత్రాన నీ కర్మని వదిలేయకు అంటాడు. అంటే చేయాల్సింది నిప్పు ఆర్పడం కాదు. తడి తీసేయాలి, గాలి ఆడనివ్వాలి.

ఇంకొక్క మాట. పూర్తిగా కాలింది బూడిదవుతుంది, ఆ బూడిదనే విభూతి అని నుదుట పెట్టుకుంటాం. సగం కాలింది జిగురవుతుంది, గొట్టానికి పట్టుకుని వదలదు. మన కోపాలూ అంతే. కూర్చుని మాట్లాడుకుంటే బూడిదై రాలిపోతాయి. "ఏం లేదులే" అని అణిచేస్తే తారులా పేరుకుంటాయి, ఎప్పుడో ఒక చిన్న నిప్పురవ్వకి ఇల్లంతా అంటుకుంటుంది. భోగిమంట చూడండి, ఆరుబయట, ఎండిన కట్టెలతో, నలుగురి మధ్యా మండుతుంది. అక్కడ దాచుకోవడానికి గొట్టమే లేదు!

ఇక మీరు చేయాల్సినవి. పెల్లెట్లు మూత ఉన్న డ్రమ్ములో, నేలకి ఎత్తుగా పెట్టండి. వండే ముందు రోజూ నిప్పు గిన్నె బూడిద దులిపి రంధ్రాలు చూడండి. గాలి తలుపు మూసి సన్నమంట పెట్టకండి, అవసరమైనంతసేపు చురుగ్గా మండించి ఆపేయండి. ఫ్యాన్‌కి చిన్న బ్యాటరీ బ్యాకప్ పెట్టించండి. గొట్టాన్ని నెలకోసారి, పొయ్యి పూర్తిగా చల్లారాక విప్పి చూడండి. పొడి మసి 3 మిల్లీమీటర్ల మందం వచ్చేలోపే బ్రష్ చేయండి. మెరిసే పూత ఉంటే మేస్త్రీని పిలవండి. గొట్టంలోంచి హోరుమని చప్పుడు వచ్చినా, గొట్టం ఎర్రబడినా నీళ్లు మాత్రం చల్లకండి. చేతికి అందితే గాలి తలుపు మూసి, అందరూ బయటికొచ్చి 101కి ఫోన్ చేయండి. కిటికీ ఒకటి ఎప్పుడూ తెరిచే ఉంచండి.

చాలామంది నన్ను అడుగుతుంటారు, "సంధ్యావందనం, దీపం రోజూ ఎందుకండీ, పండక్కి ఘనంగా చేస్తే చాలదా?" అని. బూడిద రోజూ ఎందుకు తీయాలో, అందుకే ఇదీనూ. నిత్యకర్మ అంటే కొత్తగా ఏదో సంపాదించడం కాదు, పేరుకోనివ్వకపోవడం. తల్లిదండ్రుల సేవ కూడా నిత్యకర్మే. వస్తువు పంపడం ఒకరోజు పని, అది ఎలా ఉందో చూడటం ప్రతిరోజూ పని.

ఇది చదివాక ఒక పని చేయండి. ఊళ్లో ఉన్న అమ్మకో అత్తయ్యకో తాతయ్యకో ఫోన్ చేయండి. "బాగున్నారా" అని అడిగితే "బాగున్నాం" అనే అంటారు. అలా అడగొద్దు. వీడియో కాల్‌లో పొయ్యి చూపించమనండి, గొట్టం చూపించమనండి, కిటికీ తెరిచుందో లేదో చూడండి. ఆ ఒక్క ఫోన్ ఈరోజు మీరు చేసే అగ్నికార్యం.

అగ్నిదేవుడు మీ ఇళ్లల్లో పొగ లేకుండా ప్రకాశించు గాక. సర్వం శ్రీకృష్ణార్పణమస్తు.