గుల్ల మోగితే కాలెందుకు ఆడుతుంది?

పాట లేకపోతే ఎవరూ చచ్చిపోరు. మరి మనిషికి పాట దేనికి? పక్షుల్లాగే మన పూర్వీకులూ జోడును మెప్పించడానికి గొంతెత్తి ఉంటారని 1871లో డార్విన్ అన్నాడు. సంగీతం చెవికి పెట్టే మిఠాయి, దానివల్ల బతుక్కి ఒరిగేదేమీ లేదని 1997లో మనస్తత్వ శాస్త్రవేత్త స్టీవెన్ పింకర్ తేల్చేశాడు.

ఈ మాటలు చదివినప్పుడల్లా నాకు మా శ్రీకాకుళం, విజయనగరం వైపు తప్పెటగుళ్లు గుర్తొస్తాయి. గొర్రెలు కాసుకునే యాదవుల ఆట అది. ఒక్కొక్కరి ఛాతీ మీద వాయించే ఒక రేకు గుల్ల, కాళ్లకు గజ్జెలు, అందరిదీ ఒకటే వేషం. గురువు పాట ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకుంటారు. చేతులు గుల్ల మీద, పాదాలు నేల మీద కలిసి పడతాయి. జోరు పెరిగాక ఏ దెబ్బ ఎవరిదో పోల్చలేం. అందులో ఏ పిల్ల ఎవర్ని ఎంచుకోవాలి? డార్విన్ గారికి ఇక్కడ కాస్త ఇబ్బందే.

అలాగని ఆయన్ని కొట్టిపారేయలేం. బొబ్బిలి దగ్గరి అజ్జాడలో పుట్టిన హరికథకుడు ఆదిభట్ల నారాయణదాసు రెండు చేతులు, రెండు కాళ్లు, తలతో ఐదు తాళాలు ఒకేసారి వేసేవారని ప్రసిద్ధి. అది నెమలి పురి విప్పడమే! 1919లో విజయనగరంలో సంగీత కళాశాల పెడితే తొలి ప్రిన్సిపాల్ ఆయనే. అయితే ఆ నెమలి కూడా గజ్జె కట్టి జనం మధ్యే హరికథ చెప్పింది.

ఇంతకీ ఈ లయ మనకు ఎప్పుడు వస్తుంది? 2009లో హంగరీలో నిద్రపోతున్న రెండు మూడు రోజుల పసికందులకు డ్రమ్ముల దరువు వినిపిస్తూ, మధ్యలో ముఖ్యమైన దెబ్బ తప్పించి చూశారు. ఆ ఖాళీని వాళ్ల మెదడు పసిగట్టింది. కడుపులో ఉండగా విన్నదో, పుట్టుకతో వచ్చిందో గానీ, లయ మాటకంటే ముందే వచ్చేసింది. అదే ఏడాది స్నోబాల్ అనే కాకటూ చిలుక పాట వేగాన్నిబట్టి తన ఊపు మార్చుకుంటోందని శాస్త్రవేత్తలు రాశారు. విన్న శబ్దాన్ని తిరిగి పలకగల జీవులకే దరువు పట్టుబడుతుందని వాళ్లలో ఒకరైన అనిరుద్ధ్ పటేల్ ఊహ. వేల ఏళ్లుగా మన గుమ్మంలోనే ఉన్న కుక్కకు మాత్రం ఇప్పటికీ తాళం రాలేదు, పాపం.

నాకు తోచింది ఇది. మాట ఒకరి తర్వాత ఒకరు ఆడాలి. ఇరవైమంది ఒకేసారి మాట్లాడితే సంత, ఒకేసారి పాడితే పాట. మన తీరంలో ఒడ్డున పెద్ద వల లాగేవాళ్లను చూడండి. ‘ఇప్పుడు లాగండర్రా’ అని చెప్పేలోపు అల వెనక్కి పోతుంది. హైలెస్సా అంటే అన్ని భుజాలూ ఒకేసారి కదులుతాయి. పింకర్ ఏనాడూ వల లాగి ఉండడు.

దసరా తర్వాతి మంగళవారం పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి విజయనగరం వస్తే, తప్పెటగుళ్ల దగ్గర కాసేపు ఆగండి. ఆడేవాళ్లతోపాటు చుట్టూ ఉన్న జనం కాళ్లూ గమనించండి. ఫోను మాత్రం జేబులో పెట్టేయండి, చప్పట్లకు రెండు చేతులూ కావాలి.