కవి ఆయువు – శివుని అంకితము



మన నల్లరేగడి చేలలో చివరి తీత ముగిసిన పిదప ప్రత్తికట్టెను పెరికి పొయ్యికి మోసికొని పోదురు. తాను కన్న దూది ఏ మగ్గము చేరెనో ఆ కట్టె ఎరుగదు. క్రిందటి యేట ఒక వృద్ధ శరణుడు నా యొద్దకు వచ్చి తన బ్రదుకును దానితోనే పోల్చుకొనెను. మిరప కల్లములో కావలియుండు రాత్రులందు ఆయన నలువది యేండ్లుగా పద్యములు వ్రాసికొని, ఊరివారికి అప్పుడప్పుడు వినిపించెడివాడు. ప్రతి పద్యమునకు తన పేరే మకుటము. "చూపు మందగించినది, చేయి వణకుచున్నది. ఇవి అచ్చు కాకున్నచో నేను పుట్టినట్లే ఎవ్వరికిని తెలియదు గదా, స్వామీ!" అని కన్నీరు పెట్టెను.

ఆ కన్నీటిని నేను పరిహసింపజాలను. 1895లో వినుకొండలో జన్మించిన జాషువ మహాకవి, రాజుకంటె కవియే జనులలో చిరకాలము నిలుచునని ధైర్యముగ పలికెను. కులము పేర అవమానములు మ్రింగినవానికి ఆ విశ్వాసము అహంకారము కాదు, న్యాయము.

కాని మన శరణుల త్రోవ వేఱు. ముదిమి పైబడకమునుపే శివుని కొలువుడని హెచ్చరించిన బసవేశ్వరునికి కాలము సంగతి తెలియదా? తెలిసియే తన వచనములను కూడలసంగమదేవునికి అంకితము చేసెను. అక్కమహాదేవి వచనములందు వినబడునది చెన్నమల్లికార్జునుని నామము.

అంత దూరమేల? మన చందవోలునే చూడుడు. వెలనాటి చోడుల ఆ రాజధానిలో మల్లికార్జున పండితారాధ్యుడు బౌద్ధాచార్యునితో వాదించెనని పాల్కురికి సోమనాథుడు చెప్పెను. పిమ్మట బసవేశ్వరుని కన్నులార చూడవలెనని బయలుదేరి, త్రోవలోనే ఆయన లింగైక్యవార్త విని, ఆ దుఃఖముతో శ్రీశైలము చేరెను. చూడవలసినవానిని చూడకయే పండితారాధ్యుని బ్రదుకు ముగిసినది. ఆయన శివతత్త్వసారము శివుని పేరుపెట్టి పిలుచుచు చెప్పిన కందపద్యముల గ్రంథము. తాళపత్రములందు మఱుగుపడియున్న దానిని ఇరువదవ శతాబ్దమున కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు పరిష్కరించి ప్రకటించిరి. నడుమ ఎన్ని వందల యేండ్లు! చదువువారు కరవైన ఆ కాలమంతయు ఆ పద్యములు ఎవరితో మాటలాడుచుండెను? మొదట ఎవరిని పిలిచెనో వానితోనే.

ఇదియే ఆ వృద్ధునితో చెప్పితిని. ఆయన తృప్తిపడలేదు. "పండితారాధ్యుల పేరు మిగిలినది గనుక మీరట్లందురు" అనెను. నాకు వెంటనే బదులు తోచలేదు.

మొన్నటి శివరాత్రి జాగరణలో ఒక చిన్నపిల్ల లేచి పద్యము పాడినది. అది ఆయనదే. మకుటము తావున మాత్రము "శివా" అని యున్నది. ఎవరు నేర్పిరని అడిగితిని.

"మా అమ్మమ్మ పాడుతుందండీ."

ఎవరు మార్చిరో అమ్మమ్మకును తెలియదు. ఆయన వెనుక వరుసలో గోడకానుకొని వినుచుండెను. నావైపు చూచెను గాని ఏమియు పలుకలేదు. రెండవ పద్యమున పిల్ల తడబడగా, వణకు గొంతుతో తరువాతి పాదమును తానే అందించెను.